గోడకు లోపలివైపు

మందుల కంపెనీల వ్యర్థాలతో పాడైన పటాన్‌చెరు ప్రాంతపు నీటి చరిత్ర రాయదలచినవారికి కాగితాల కొరత లేదు. నక్కవాగు ఏ రంగులో పారిందో, ఏ ఊరి బోరు ఎప్పుడు పాడైందో, ఎక్కడెక్కడ వరి ఎండిపోయిందో ఏదో ఒక కట్టలో నమోదై ఉంది. 1990లో సుప్రీంకోర్టులో 1056 నంబరు రిట్ పిటిషన్ దాఖలైంది. కోర్టు ఆదేశంపై సంగారెడ్డిలోని జిల్లా జడ్జి రైతుల నష్టాన్ని విచారించి నివేదిక ఇచ్చారు. కేసు 2001లో హైకోర్టుకు, అటుపైన జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు మారి 2017 అక్టోబర్‌లో తీర్పు దాకా వచ్చింది. మధ్యలో ఎన్ని కమిటీలు, ఎన్ని నమూనాలు, ఎన్ని అఫిడవిట్లు! అదే ఊళ్ల మధ్య, అవే కంపెనీల గోడలకు లోపలివైపు ముప్పై, నలభై ఏళ్లుగా షిఫ్టులు చేసిన మనుషుల ఒంట్లో ఏం జరిగిందని అడిగితే మాత్రం చేతికందే కట్ట చాలా పలచన.

ఎందుకిలా అయిందో ఊహించడం కష్టం కాదు. నీరు గోడ దాటి వస్తుంది. పొలంలో, చెరువులో, బర్రెలు తాగే కుంటలో చేరి అందరి కళ్లకూ కనబడుతుంది. రైతు చేతిలో పట్టాదారు పాసుపుస్తకం ఉంటుంది. అతనికో ఊరు, ఆ ఊరికో సర్పంచి, నష్టం ఇక్కడే జరిగిందని చూపడానికి కదలని సర్వే నంబరు ఉంటాయి. కార్మికుడి ఊపిరితిత్తులకు సర్వే నంబరు లేదు. అతను ఒడిశాలోని గంజాం నుంచి వస్తాడు, బిహార్‌లోని గయ నుంచి వస్తాడు, మన నారాయణఖేడ్, జోగిపేటల నుంచీ వస్తాడు. ఇస్నాపూర్‌లోనో బొల్లారంలోనో ఒక్క గది, అందులో షిఫ్టుల వారీగా పడుకునే నలుగురైదుగురు. కాంట్రాక్టర్ మారితే కంపెనీ మారుతుంది, కంపెనీ మారితే గేట్ పాస్ మారుతుంది. కొన్నేళ్లకు దమ్ము మొదలవుతుంది, నైట్ డ్యూటీ చేయలేక సొంతూరి బస్సో రైలో ఎక్కుతాడు. అక్కడి డాక్టరు ఎన్నాళ్లుగా దగ్గు అని అడుగుతాడు. ఇన్నాళ్లూ ఏం పని చేశావని అడగడు.

ఆ ప్రశ్న కూడా అడగాలని మూడు వందల ఏళ్ల కిందటే ఒక వైద్యుడు చెప్పాడు. ఇటలీలో మోదెనా నగరానికి చెందిన బెర్నార్డినో రమజ్జీని ఆయన పేరు. తన ఇంటి మరుగుగుంటను శుభ్రం చేస్తున్న మనిషి ఊపిరి సలపకుండా తొందరపడడం చూసి, ఎందుకంత హడావిడి అని పలకరించాడు. ఎక్కువసేపు లోపలుంటే కళ్లు పోతాయని ఆ మనిషి చెప్పిన జవాబు ఆయన్ను కుదుట పడనివ్వలేదు. కుమ్మరులు, అద్దకంవాళ్లు, గనికూలీలు, పాలిచ్చే దాదులు, రాయసగాళ్లు ఇలా ఒక్కో వృత్తి దగ్గరకూ వెళ్లి, వాళ్ల జబ్బుల మీద 1700లో పుస్తకం ప్రచురించాడు. పెద్ద చదువులు చదివిన ఆచార్యుడు మురికిగుంట అంచున నిలబడి పనివాణ్ణి అడిగి నేర్చుకున్నాడన్న మాట తలచుకున్నప్పుడల్లా మనసు నిండుతుంది.

వైద్యుడు ఆ ప్రశ్న వేయని చోట, కొన్ని దశాబ్దాల తర్వాత అది చరిత్రకారుడి వంతుకు వస్తుంది. పనిచేసే చోటి ఆరోగ్యం మీద, వైద్యం మీద జీవితమంతా వెచ్చించే చరిత్రకారులు ప్రపంచంలో కొద్దిమందే. వారి దినచర్యలో మెరుపులేమీ ఉండవు. ఫ్యాక్టరీ తనిఖీ నివేదికలు, ఆస్పత్రి ఓపీ రిజిస్టర్లు, నష్టపరిహారం కేసుల ఫైళ్లు, యూనియన్ కరపత్రాలు, శాసనసభలో ప్రశ్నలూ జవాబులూ ముందేసుకుని, ఒక పేరు ఎక్కడ మొదలై ఎక్కడ మాయమైందో వెతుక్కోవడమే పని. కానీ ఆ వెతుకులాటలో బయటపడేవి మామూలు సంగతులు కావు. 1977లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, లాత్రాప్ అనే చోట పురుగుమందుల కంపెనీలో ఒక విభాగంవారికి పిల్లలు పుట్టడం లేదని కార్మికులే ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ గమనించారు. పరీక్షలు చేయిస్తే చాలామందిలో వీర్యకణాలు తగ్గిపోయాయని, కొందరిలో అసలే లేవని తేలింది. కారణం వారు కలిపే డీబీసీపీ అనే మందు. ఆ మందు ఎలుకల వృషణాలను దెబ్బతీస్తుందని 1961లోనే అచ్చయిన పరీక్షా ఫలితాల్లో ఉంది. పదహారేళ్ల పాటు ఆ కాగితం ఒకచోట, ఆ మనుషులు ఇంకోచోట ఉండిపోయారు. రెంటినీ ఒక బల్ల మీదికి తేవడమే ఈ చరిత్రకారుడి పని.

1974 జనవరిలో అమెరికాలోనే లూయివిల్‌లోని ప్లాస్టిక్ కర్మాగారం సంగతి బయటికి వచ్చిన తీరు కూడా గుర్తుంచుకోదగినది. కాలేయానికి వచ్చే అతి అరుదైన ఒక క్యాన్సర్ ఒకే కర్మాగారంలో ముగ్గురికి రావడం అక్కడి కంపెనీ వైద్యుడు జాన్ క్రీచ్ కంటపడింది. లక్షల్లో ఒకరికి కూడా రాని జబ్బు ముగ్గురు సహోద్యోగులకు ఎలా వచ్చిందని ఆయన ఆగి ఆలోచించాడు. కారణం వినైల్ క్లోరైడ్ వాయువు. ఆ ముగ్గురూ ఒకే వైద్యుడి ఎరుకలో ఉండబట్టి ఆ సంబంధం దొరికింది. మూడు రాష్ట్రాల్లో మూడు ఊళ్లకు చెదిరిపోయి ఉంటే అవి మూడు ఇళ్ల దురదృష్టాలుగా మిగిలేవి. పటాన్‌చెరు పక్కన పాశమైలారంలో పనిచేసి వెళ్లిన వారి విషయంలో జరుగుతున్నది అచ్చంగా ఇదేనన్నది మన భయం.

ఆ వినైల్ క్లోరైడ్ గురించి కంపెనీలకు ముందే ఎంత తెలుసో డేవిడ్ రోస్నర్, జెరాల్డ్ మార్కోవిట్జ్ అనే చరిత్రకారులు పాత ఫైళ్లు తవ్వి 2002లో పుస్తకం రాశారు. ఆ తర్వాత కంపెనీల తరఫు న్యాయవాదులు, అచ్చుకు ముందు రాతప్రతి చదివి అభిప్రాయం చెప్పిన ఆచార్యులకు కూడా సమన్లు పంపారు. పాత కాగితాలు చదివే పని ఎంత బరువైనదో దీన్నిబట్టి తెలుస్తుంది. స్కాట్లాండ్‌లో ఆర్థర్ మెకైవర్, రొనాల్డ్ జాన్‌స్టన్‌లది ఇంకో దారి. ఆస్బెస్టాస్ దుమ్ములో, బొగ్గుగనుల్లో పనిచేసిన వృద్ధుల ఇళ్లకు వెళ్లి వారి మాటలు రికార్డు చేశారు. ఊపిరాడని మనిషి కూడా తన పనితనం గురించి గర్వంగా చెప్పుకోవడం ఆ మాటల్లో వినబడుతుంది. మన రియాక్టర్ ఆపరేటర్లూ అంతే కదా. కొత్తగా వచ్చిన హెల్పర్ వాసనకు ముక్కు మూసుకుంటే, అలవాటైపోతుందిలే అని ధైర్యం చెప్పేది పాత ఆపరేటరే. ఆ ధైర్యాన్ని కించపరచకుండా, దాని వెనక ఒళ్లు చెల్లించిన ధరను రాయాలంటే ఎదుట కూర్చుని వినే ఓపిక కావాలి.

వైద్య చరిత్ర మనకు కొత్త విద్య కాదు. విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో ఫిజియాలజీ బోధించిన డాక్టర్ డి.వి. సుబ్బారెడ్డి ఈ రంగానికే తన జీవితాన్ని అంకితం చేశారు. 1956లో హైదరాబాద్ ఉస్మానియా వైద్య కళాశాలలో ఆయన ఆధ్వర్యాన మొదలైన వైద్య చరిత్ర విభాగమే ఇవాళ గడ్డిఅన్నారంలో జాతీయ సంస్థగా నిలిచింది. తాళపత్రాలు, శాసనాలు, పాత వైద్య గ్రంథాలు అక్కడ భద్రంగా ఉన్నాయి. కాకతి రుద్రమదేవి కాలంలో, 1261లో వేయించిన మల్కాపురం శాసనం ఒక ప్రసూతిశాలకూ ఆరోగ్యశాలకూ ఇచ్చిన భూమిని పేర్కొంటుంది. ఏడున్నర శతాబ్దాల కిందటి ఆస్పత్రి నిర్వహణకు ఏ ఆదాయం కేటాయించారో మనం చదువుకోగలుగుతున్నాం. 1988లో బొల్లారంలో సెంట్రీఫ్యూజ్ దగ్గర పనిచేసిన మనిషికి ఆ ఏడాది రక్తపరీక్షలో ఏం వచ్చిందో చదవలేకపోతున్నాం. రాతి మీద చెక్కించినవారికి, రేపు ఎవరైనా అడుగుతారన్న ఎరుక ఉంది.

ఈ పారిశ్రామిక వాడ పుట్టుక గురించి మనకు తెలియనిదేం లేదు. 1960లలో సోవియట్ సాయంతో బాలానగర్‌లో ప్రభుత్వ మందుల కర్మాగారం ఐడీపీఎల్ వెలిసింది. 1970 పేటెంట్ల చట్టం, మందును వేరే పద్ధతిలో తయారుచేసుకునే వీలు మన కెమిస్టులకు ఇచ్చింది. ఐడీపీఎల్‌లో పని నేర్చినవారు బయటికొచ్చి సొంతంగా బల్క్ డ్రగ్ కంపెనీలు పెట్టారు. 1970ల నడుమ పటాన్‌చెరు పారిశ్రామికవాడ మొదలైంది. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాక ఈ వెనకబడిన జిల్లాకు పరిశ్రమల రాక జోరందుకుంది. కల్లం అంజిరెడ్డి వంటి వ్యవస్థాపకుల కథలు పుస్తకాలుగా వచ్చాయి, రావలసినవే. లోకానికి చవగ్గా మందులు అందించిన గొప్ప కథ అది, అందులో మనకు గర్వముంది. ఆ కథలో రెండో సగం ఇంకా ఎవరూ పూర్తిగా చెప్పలేదు. పొడిని మ్యాన్‌హోల్‌లోంచి రియాక్టర్‌లో పోసిన చేతులు, సెంట్రీఫ్యూజ్ లోంచి తడిముద్దను తవ్వి తీసిన చేతులు, డ్రయ్యర్ దగ్గర, మిల్లింగ్ గదిలో తెల్లగా దుమ్ముపట్టిన కనురెప్పలు ఆ సగంలో ఉన్నాయి.

ఆ గదుల్లో గాలిలో ఉండేవి పేరూ ఊరూ లేని విషాలు కావు. టోలీన్ నరాల మీద పనిచేస్తుంది. అందరూ ఎండీసీ అని పిలిచే మిథిలీన్ డైక్లోరైడ్ ఆవిరిని పీలిస్తే, ఒంట్లో అందులో కొంత కార్బన్ మోనాక్సైడ్‌గా మారి రక్తంలో ప్రాణవాయువును అడ్డుకుంటుంది. తల తిరుగుతుందని చెప్పే కార్మికుడు తిండి సరిగా తినలేదేమోనని అనుకుంటాం. డీఎంఎఫ్ అనే ద్రావకం చర్మం గుండానే లోపలికి పోయి కాలేయాన్ని బాధిస్తుంది. పెన్సిలిన్ జాతి మందుల ధూళి పడనివారికి ఆయాసం, దద్దుర్లు వస్తాయి. హార్మోన్ మాత్రల కర్మాగారాల్లో మగవారికి రొమ్ములు పెరగడం 1970లలోనే ప్యూర్టోరికోలో నమోదైంది. ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్న సంగతులే. మన దగ్గర లేనిది, ఫలానా ఏట ఫలానా వాడలో ఎంతమందికి వచ్చిందన్న లెక్క. దుమ్ము పనివాళ్లకు రోజూ బెల్లం ముక్క పెట్టే అలవాటు మన దేశంలో చాలా కర్మాగారాల్లో ఉంది. దాన్ని ఎవరు మొదలుపెట్టారు, మాస్కు అడగాల్సిన చోట బెల్లంతో ఎప్పుడు సరిపెట్టుకున్నాం అన్నది కూడా చరిత్రకారుడు తేల్చవలసిన విషయమే.

2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు వ్యర్థజలాల శుద్ధి కేంద్రం మీద ఒక పరిశోధన ప్రచురించింది. దాదాపు 90 మందుల కంపెనీల నుంచి నీరు చేరే ఆ కేంద్రం శుద్ధిచేసి వదిలిన నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. కొన్ని రకాల బ్యాక్టీరియాకు విషమయ్యే మోతాదుకు అది వెయ్యి రెట్లకు పైన. ప్రపంచమంతా ఉలిక్కిపడింది, పడవలసిందే. నీటిలోకి అంత జారిపోతే, ఆ మందును పారతో డ్రమ్ముల్లోకి ఎత్తిన మనిషి శ్వాసలోకి ఎంత పోయిందన్న ప్రశ్న మాత్రం ఆ రోజుల్లో పెద్దగా వినబడలేదు. 2004లో గ్రీన్‌పీస్ చేసిన ఆరోగ్య సర్వే కూడా ఊళ్ల సర్వేనే. ఆ పనుల్లో లోపమేమీ లేదు. ఊళ్లు అరిచాయి కాబట్టి లోకం ఊళ్లకు వచ్చింది.

ఆ అరుపును వినిపించినవారిలో ముందు తలచుకోవలసిన పేరు డాక్టర్ అల్లాని కిషన్‌రావుది. పటాన్‌చెరులో ప్రాక్టీసు చేస్తూ, తన గదికి వచ్చే రోగుల జబ్బులకూ చుట్టుపక్కల నీటికీ ఉన్న సంబంధాన్ని 1980లలోనే పట్టుకున్నారు. స్టెతస్కోపుతో ఆగక కోర్టుల దాకా నడిచారు. ఆయన్ను చరిత్రకారుడని ఎవరూ అనలేదు గాని, ఈ ప్రాంతానికి మొదటి చరిత్రకారుడు ఆయనేనని మనం నిస్సంకోచంగా అనవచ్చు. రోగిని చూసి ఊరిని అడిగారు, ఊరిని చూసి కాగితం రాశారు. ఆ పద్ధతే గోడ లోపలికీ రావాలని మన కోరిక.

కాగితం ఉండాలని చట్టం చెప్పకపోలేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్‌లో 29 వృత్తివ్యాధులుండేవి. సీసం, పాదరసం, మాంగనీసు, బెంజీన్ విషప్రభావాలు, విషంవల్ల వచ్చే కామెర్లు, చర్మవ్యాధి, చెవుడు అందులో చేరాయి. ఇవి కనబడితే యాజమాన్యమూ చూసిన డాక్టరూ ఇద్దరూ తెలియజేయాలని 89వ సెక్షన్ చెప్పేది. భోపాల్ విషాదం తర్వాత 1987లో చేసిన సవరణ, ప్రమాదకర ప్రక్రియల్లో పనిచేసేవారి ఆరోగ్య రికార్డులు ఉంచి, కార్మికుడు అడిగితే చూపాలంది. 1995 జనవరిలో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కింది. ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో తీర్పు రాసినది తెలుగువారైన జస్టిస్ కె. రామస్వామి. ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును ఉద్యోగంలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా మానిన తర్వాత 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అంతవరకు భద్రపరచాలని ఆ తీర్పు ఆదేశించింది. ఆరోగ్యం కార్మికుడి ప్రాథమిక హక్కు అంది. జబ్బు బయటపడడానికి ఇరవై ముప్పై ఏళ్లు పడుతుంది కాబట్టి కాగితం అంతకన్నా ఎక్కువ బతకాలన్న చూపు ఆ అంకెలో ఉంది. చరిత్రకారుడి మనసుతో రాసిన తీర్పు అది. ఫ్యాక్టరీల చట్టం స్థానంలో వృత్తి భద్రత కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. కొత్త నియమాలు రాసేవారు ఆ 40 ఏళ్ల అంకెను ఆస్బెస్టాస్‌కే పరిమితం చేయకుండా మందుల కంపెనీలకూ వర్తింపజేస్తే ఎంత మేలో!

రికార్డు లేకపోతే ఏమవుతుందో 2025 జూన్ 30న పాశమైలారంలో చూశాం. సిగాచి పరిశ్రమలో పేలుడుకు 54 మంది బలయ్యారు. బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్‌ల నుంచి వచ్చిన బిడ్డలు ఎందరో వారిలో ఉన్నారు. ఎనిమిది మంది ఆనవాళ్లే దొరకలేదు. ఆ ఉదయం షిఫ్టులో ఎవరెవరున్నారో తేల్చడానికే ఎంత సమయం పట్టిందో, బంధువులు ఆస్పత్రి నుంచి గేటుకు, గేటు నుంచి ఆస్పత్రికి ఎలా తిరిగారో టీవీల్లో చూసి కన్నీరు పెట్టుకున్నాం. పేలుడుకు కనీసం ఒక తేదీ ఉంటుంది. విచారణ కమిటీ, పరిహారం, వార్త ఉంటాయి. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పాడైన కాలేయానికి తేదీ లేదు కనుక అవేవీ ఉండవు. ఈ రెండోరకం మరణాలను లెక్కలోకి తేగలిగేది ఓపికతో కూడబెట్టిన రికార్డు ఒక్కటే.

కోలార్ బంగారు గనుల సంగతి ఇక్కడ చెప్పాలి. తమిళులతో పాటు మన తెలుగు పల్లెలవారూ తరాలుగా దిగిన గనులవి. 1940లలో అక్కడ 7,653 మంది కార్మికులను పరీక్షిస్తే నూటికి నలభై మందికి పైగా సిలికోసిస్ ఉన్నట్టు తేలింది. ఎక్స్‌రే తీసి రాసిపెట్టారు కాబట్టే ఆ గనికూలీల బాధ ఇవాళ్టికీ ప్రతి వైద్య విద్యార్థి చదివే అంకెగా నిలిచింది. వలస పాలన నాటి గనిలో సాధ్యమైనది మన పటాన్‌చెరులో ఎందుకు సాధ్యం కాదు?

కావలసినవన్నీ ఈ జిల్లాలోనే ఉన్నాయి. రామచంద్రాపురం ఈఎస్ఐ ఆస్పత్రికి వచ్చే ప్రతి కార్మికుడికీ ఒక బీమా నంబరుంది, ఆ నంబరు వెనక అతను పనిచేసిన కంపెనీల వరుస ఉంది. ఓపీ చీటీ మీద జబ్బు పేరుతోపాటు చేసిన పని పేరు రాస్తే, పేర్లు బయటపెట్టకుండానే పదేళ్లలో ఒక విలువైన పటం తయారవుతుంది. సంగారెడ్డిలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది, దాని సామాజిక వైద్య విభాగానికి ఇంతకన్నా దగ్గరి పాఠం ఏముంటుంది? కందిలోని ఐఐటీలో సామాజిక శాస్త్రాలు చదివేవారున్నారు. తారా ప్రభుత్వ కళాశాలలో చదివే పిల్లల్లో ఎందరి తండ్రులు ఈ కంపెనీల్లోనే పనిచేసి ఉంటారో. ఒక విద్యార్థి తన తండ్రిని కూర్చోబెట్టి, ఏ ఏట ఏ కంపెనీలో ఏ బ్లాకులో చేశావు, ఏం ఎత్తావు, ఏం కలిపావు, ఎప్పుడు దగ్గు మొదలైంది అని అడిగి రాస్తే, అది ఏ ఆర్కైవ్స్‌లోనూ దొరకని పత్రం. హిందీ, ఒడియా వచ్చిన పిల్లలను జతచేస్తే ఇస్నాపూర్ గదుల్లోని గొంతులూ అందులో చేరతాయి. మూతపడిన కంపెనీల మస్టర్ రోళ్లు, డిస్పెన్సరీ పుస్తకాలు పాతకాగితాల బండికి వెళ్లకముందే, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ ఒక అధికారిని పంపి సేకరించుకోవచ్చు. కార్మిక శాఖలో నష్టపరిహారం కేసుల ఫైళ్లను గడువు తీరిందని ధ్వంసం చేయకుండా ఒక ఉత్తర్వు సరిపోతుంది.

వీటిలో దేనికీ కోట్లు అక్కర్లేదు. అక్కర కలిగిన ఒక ఆచార్యుడు, అనుమతి ఇచ్చే ఒక కలెక్టరు, తలుపు తీసే నాలుగు యాజమాన్యాలు చాలు. తమ కార్మికుల ఆరోగ్యం బాగుందని నమ్మే కంపెనీకి ఈ లెక్క మేలే చేస్తుంది. తొందర మాత్రం నిజంగా ఉంది. 1980లో ఇరవై ఏళ్ల వయసులో పటాన్‌చెరు గేటు దాటి లోపలికి వెళ్లినవారికి ఇప్పుడు అరవై అయిదు నిండాయి. ఏ రియాక్టర్‌లో ఏం పోశారో వారికింకా గుర్తుంది. వచ్చే విద్యా సంవత్సరం ప్రాజెక్టుల జాబితాలో ఈ అంశాన్ని చేర్చమని సంగారెడ్డి కళాశాలల ప్రిన్సిపాళ్లను వినయంగా కోరుతున్నాం.